ఇత్తడి ముక్క

"బాబూ, ఈ బండికి గాలి డబ్బా తీసీసినావా?"

రమాకాంత్ తల తిప్పాడు. సెక్టర్ 2 మార్కెట్లో టీకొట్టు బల్ల మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. వెలిసిపోయిన స్టీలు ప్లాంటు చొక్కా. మోచేతి మీద పాత కాలిన మచ్చ.

"తీసేశాను. ఏం?"

పాత టూ-స్ట్రోక్ బండి. ఫిల్టర్ డబ్బా పీకేసి, ఆ వారమే కోన్ ఫిల్టర్ బిగించాడు. ఇంజిను గాలి బాగా లాగుతోంది. శబ్దం వీధి చివరిదాకా వినబడుతోంది. అతనికి కావలసింది అదే.

"మరి కార్బొరేటర్లో జెట్టు మార్చినావా?"

"దేనికి?"

"గాలి పెరిగిపోనాది. పెట్రోలు పాత కన్నంలోంచే వస్తంది. చాలదు. ఇంజిను వేడెక్కిపోతాది. స్పీడులో ఉండగా పట్టీసిందంటే వెనక చక్రం బిగిసిపోతాది. ప్లగ్గు ఇప్పి చూడు, సున్నంలా తెల్లగుంటాది."

"మీరు మెకానిక్కా అంకుల్?"

"కాదు. బ్లాస్ట్ ఫర్నేసు. ముప్పైరెండేళ్లు నీలం అద్దంలోంచి మంట రంగు చూసినాను."

టీ తాగుతున్నవాళ్లు నవ్వారు.

"ఇది ఫర్నేస్ కాదు అంకుల్, ఫట్‌ఫటీ."

"ఎక్కడైనా మంట మంటే కదా బాబూ."

రమాకాంత్ కిక్కు కొట్టాడు. ముసలాయన మొహం మీదికి పొగ వదిలి వెళ్లిపోయాడు.

రెండోసారి ఆయన బండికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక సీటు మీద రమాకాంత్ భార్య ఇంద్రజ ఉంది. ఉతైలో ఆమె అక్క ఇంటికి బయలుదేరారు.

"ఈ అమ్మాయిని ఎక్కించకు బాబూ. జెట్టు మార్చీవరకూ ఎక్కించకు."

"అరే, హటో! నా పెళ్లాన్ని ఎక్కించుకోవాలో లేదో నువ్వు చెప్తావా?"

"నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. ఇంద్రజ భయపడి కాళ్లు దగ్గరికి లాక్కుంది.

"పిచ్చాయన్లా ఉన్నాడు. మీరు పోనివ్వండి," అంది.

ఉతై దారి నిండా లారీలు. బండి నలభై దాటలేదు. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోయేసరికి రమాకాంత్‌కి హుషారు పెరిగింది. మర్నాడు టీకొట్టు దగ్గర అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఆదివారం ఇంద్రజని డోంగర్‌గఢ్ తీసుకెళ్తున్నా. హైవే మీద తొంభైకి తగ్గేది లేదు."

బల్ల మీద ముసలాయన టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం రమాకాంత్ నిద్ర లేచి క్వార్టర్ బయటికి వచ్చాడు. బండి పక్కన ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. చేతుల నిండా పెట్రోలు.

"చోర్! పెట్రోల్ చోర్!"

ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. పిడికిలి విప్పించారు. శనగ గింజంత ఇత్తడి ముక్క.

"ఇది నా బండిదేనా?"

"నీదే. చెప్తాను, ఆగు బాబూ..."

ఆగలేదు. రమాకాంత్ చెంప మీద కొట్టాడు. ఇంకెవరో తోశారు. తర్వాత రమాకాంతే మళ్లీ తోశాడు. ముసలాయన వెనక్కి పడ్డాడు. తల గేటు దిమ్మకి తగిలింది.

ఎవరూ నీళ్లివ్వలేదు.

కాసేపటికి తనే లేచాడు. బండి వంక ఓసారి చూశాడు.

"పనైపోనాది. ఇంక వెళ్లొచ్చు," అన్నాడు.

దొంగకి ఎంత పొగరో అనుకున్నారు అందరూ.

బండి స్టార్టయింది. అది చాలనుకున్నాడు రమాకాంత్. ఆదివారం ఇద్దరూ డోంగర్‌గఢ్ వెళ్లొచ్చారు. బండి తొంభై దాటింది. ఎక్కడా మొరాయించలేదు.

బుధవారం తీరిక దొరికి, ఇత్తడి ముక్క తిరిగి బిగించమని మెకానిక్ శ్యామసుందర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

శ్యామసుందర్ కార్బొరేటర్ కింది గిన్నె విప్పాడు.

"ఇదెక్కడ బిగించమంటావ్? జెట్టు ఉన్నాది కదా. కొత్తది. కన్నం నీ చేతిలో దానికన్నా పెద్దది."

ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టాడు. కాఫీ రంగులో ఉంది.

"సరిగ్గా కుదిరింది. ఎవరు చేశారు భయ్యా? పాతదాంతో హైవే ఎక్కుంటే రాజ్‌నంద్‌గావ్ దాటకుండానే ఇంజిను పట్టీసును. నువ్వూ ఉండవు, మరదలూ ఉండదు."

"ఒక దొంగ..."

"చిన్న ముక్క ఇప్పీసి పెద్ద ముక్క బిగించి పోతాడేటి దొంగ? బుర్రుందా నీకు?"

టీకొట్టువాడు ముసలాయన పేరు చెప్పాడు. తిరుమలరావు. మరోదా బస్తీలో ఇల్లు.

తలుపు తీసినామెకి ముప్పై ఏళ్లుంటాయి. చంక కింద కర్ర. ఎడమకాలు మోకాలి వరకే ఉంది.

"మావయ్య పోయారండి. ఆదివారం పొద్దున్న ఎంత లేపినా లేవలేదు."

"ఏమైంది?"

"తల వెనక దెబ్బ. ఎలా తగిలిందంటే జారి పడ్డానన్నారు. ఆసుపత్రికి రమ్మంటే రాలేదు. మీరెవరండి?"

రమాకాంత్ జేబులో ఇత్తడి ముక్కని పట్టుకున్నాడు.

"నా బండి బాగుచేశారు," అన్నాడు. ఇంకేదో అనాలి కాబట్టి అడిగాడు. "ఫర్నేసులో చేసిన మనిషికి ఈ పనెలా వచ్చింది?"

ఆమె గోడ మీది ఫొటో చూపించింది. ప్లాస్టిక్ దండ వెనక ఓ కుర్రాడు, బండి మీద.

"మా ఆయన. పుట్టినరోజని మావయ్యే కోన్ ఫిల్టర్ తెచ్చి, తన చేత్తో బిగించారు. మర్నాడు నేను వెనక కూర్చున్నాను."

కర్ర మీద బరువు మార్చుకుంది.

"జెట్టు మార్చడం ఆ తర్వాత నేర్చుకున్నారు."