దుర్పతా అడిగిన బిళ్ళలు

చెరకు కోతలో మొగుడూ పెళ్ళాం కలిస్తేనే ఒక కొడవలి లెక్క. నెలసరి నొప్పితో దుర్పతా పడుకుంటే ఇద్దరి కూలీ పోతుంది. "తాయీ, నొప్పి తగ్గే బలం బిళ్ళలు తెప్పించవూ," అని నిరుడు కోతకు పోతూ అడిగింది. ఊరి ఆరోగ్య కార్యకర్తను నేనే. పైవాళ్ళు ఏడాదికి గానీ పంపలేదు.

ఈసారి లారీ కదిలేముందు పరుగున తెచ్చిచ్చాను.

"రోజూ భాకరీ రొట్టె తిన్నాక ఒకటి. రెండు మూడు నెలల్లో నొప్పి తగ్గుతుంది."

"నాకింక నొప్పెక్కడిది తాయీ? పనికి అడ్డమని వేసవిలో గర్భసంచి తీయించేశారుగా."

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు.

"మరి ఇవెందుకు తీసుకున్నావే?"

లారీలో గిన్నెల మూట మీద ముడుచుకుని కూర్చున్న పన్నెండేళ్ళ కూతుర్ని చూపించింది.

"దానికి మొన్ననే మొదలైంది. ఇవి మింగితే దాని సంచి దానికుంటుందిగా?"

లారీ కదిలేదాకా నేను బిళ్ళలు వేసుకునే వేళలే చెబుతూ ఉండిపోయాను.