అనుభవాల కళ్ళద్దాలు

పెట్టుకుంటే ఇంకొకరి బతుకు బతికించే అనుభవాల కళ్ళద్దాలు కాలేజీలన్నిటికీ వచ్చాయి. అవంటే సమాజశాస్త్రం లెక్చరర్ శేషావతారానికి కడుపుమంట. పారిశుద్ధ్య కార్మికుల కష్టం గురించి ఆయన పాతికేళ్ళు గొంతు చించుకున్నా, ఏ బ్యాచిలోనూ ఒక్కరి కళ్ళు చెమ్మగిల్లలేదు. ఇప్పుడు పిల్లలు ఆ అద్దాలు పెట్టుకుని, పది నిమిషాలు ఊడ్చేమనిషిగా బతికి, వెక్కివెక్కి ఏడుస్తున్నారు. వాళ్ళకిక ఆయన పాఠమే అక్కర్లేదు.

గంట కొట్టారు. పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ, వరండా ఊడుస్తున్నామె పోగుచేసిన చెత్తను తొక్కుకుంటూ వెళ్ళిపోయారు. శేషావతారానికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అమ్మా! అంతలా ఏడ్చినవాళ్ళలో ఒక్కరైనా నిన్ను పేరుపెట్టి పలకరించారా?" అన్నాడు గెలిచినవాడిలా.

ఆమె చీపురు ఆపింది.

"పన్నెండేళ్ళ నుంచి మీ గది ఊడుస్తన్నాను. నా పేరేంటో మీరు చెప్పండి సార్."