కొండ చీటీ, లోయ చీటీ

జీపు దారి పక్కన ఆపి, కొండ కాపలాదారు చుట్టూ చూశాడు. నరమానవుడు లేడు. వెనక సీట్లో రెండు పెట్టెలు. ఒకదాని మీద ‘కొండ’ అని చీటీ, రెండోదాని మీద ‘లోయ’ అని. లోపల అడవి పిల్లుల వెంట్రుకలు దాచిన సీసాలు. వాటి మీద ఉత్త అంకెలే.

లోయ కాపలాదారు అతని బావమరిదే. ఫ్రిజ్ అక్కడే ఉంది గనక రెండు పెట్టెలూ లోయ శిబిరంలోనే ఉంచారు. వాటిని లాబొరేటరీకి చేర్చే పని మాత్రం ఇతనిది.

పిల్లుల జాడలు పట్టడం వాడికి నేర్పింది తనే. ఇప్పుడు ఫోటోలవాళ్లూ, పై అధికారులూ అందరూ లోయకే పోతారు. ఆఖరికి పెళ్లాం కూడా, “మా తమ్ముడి లోయలో ఈసారి నాలుగు పిల్లలట!” అని మురిసిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతను కంచం ముందు నుంచి లేచిపోతాడు.

వెంట్రుకలు పరీక్షకు అడిగిన పరిశోధకురాలు మొన్న ఆ పుండు మీద కారం చల్లింది.

“వానలు నిలకడగా ఉన్నచోట రకరకాల వంశాల పిల్లులు బతుకుతాయండీ. కరువొస్తే చాలావరకు చచ్చిపోయి, మిగిలినవి వాటిలో అవే జతకడతాయి. నాలుగు తరాలకు అన్నీ అన్నదమ్ముల బిడ్డలే. ఒక్క రోగం చాలు, అన్నీ పోవడానికి.”

“అయితే?”

“రెండు శిబిరాలు నడపలేమని పై అధికారులు అంటున్నారు. వైవిధ్యం ఎక్కువున్న చోటే ఉంచుతారు. రెండోది మూసేస్తారు.”

కొండ మీద వాన మొహం చూసి ఐదేళ్లయింది.

అతను చీటీల మీద గోరు పెట్టాడు. జిగురింకా పచ్చిగానే ఉంది, ఇట్టే ఊడొచ్చాయి. అటుది ఇటూ, ఇటుది అటూ అంటించి జీపెక్కాడు.

నెల తిరిగేసరికి ఫలితం వచ్చింది. అందర్నీ కూర్చోబెట్టి పరిశోధకురాలు చదివింది.

“లోయ! ఇంత వైవిధ్యం నేనెక్కడా చూడలేదు. కొండవేమో అన్నీ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి.”

చప్పట్లు మోగాయి. బావమరిది మాత్రం తెల్లమొహం వేశాడు.

కొండ కాపలాదారు కుర్చీలోంచి సగం లేచాడు. అంటే, లోయ పేరుతో గెలిచినవి తన పిల్లులే! ఆ ఎండుబండల మధ్య, ఐదేళ్ల కరువుకు తట్టుకుని నిలబడ్డ తన పిల్లులు! తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

బయట మెట్ల మీద బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, బాధపడకు...”

“నీ ఓదార్పు ఎవడిక్కావాలిరా! ఆ గెలుపు నాది. జీపులో చీటీలు మార్చింది నేనే. పద, లోపలికెళ్లి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ!”

వాడు మెట్టు మీద కూలబడ్డాడు.

“ఎందుకు మార్చావు బావా?”

“కుళ్లు! నువ్వంటే కుళ్లు. చాలా?”

“కొండ మూసేస్తే నువ్వు తట్టుకోలేవని నాకు తెలుసు.”

“తెలిస్తే?”

వాడు తల దించుకున్నాడు.

“పెట్టెలు నీకిచ్చే ముందు చీటీలు నేనూ మార్చాను.”