వీరుడి మీసం

సరిహద్దు పోరులో చనిపోయిన సిపాయి శ్రవణ్‌కు ఇరవై ఏళ్లు. మీసమింకా సరిగా రాలేదు. జగిత్యాల రోడ్డు మీద విగ్రహం పెడతామంటే తల్లి లచ్చవ్వ ఫోటో తెచ్చి ఇచ్చింది. కమిటీ అధ్యక్షుడు పెదవి విరిచాడు.

"గీ పసిమొకం జూసి వీరుడంటే ఎవలు నమ్ముతరు? మంచిగ మెలితిప్పిన మీసం పెట్టు" అని కోరుట్లలో వినాయకులను చేసే శిల్పికి చెప్పాడు. చరిత్రలో ఓడిన రాజులకూ పెద్ద మీసాలే ఉన్నాయని ఆయనకెవరు చెప్పాలి? శిల్పి మాత్రం తొండం అతికించినంత సులువుగా మీసం అతికించాడు.

శవం ఊరికొచ్చినప్పుడు పేటిక తెరవనివ్వలేదు. విగ్రహం ఆవిష్కరించే రోజు, కొడుకు ముఖం ఇవాళైనా చూస్తానని లచ్చవ్వ అందరికన్నా ముందొచ్చి కూర్చుంది.

సిరిసిల్ల గుడ్డతో వేసిన ముసుగు జారింది. చప్పట్లు మోగాయి. ఆమె లేచి, దగ్గరికెళ్లి చూసి, తల మీదికి కొంగు లాక్కుంది.

"గీడు నా కొడుకు గాదు, సారూ."

"మరెవలమ్మా?" అధ్యక్షుడు నవ్వాడు.

"మా ఇంటాయన. పోరడు నేను పోనని ఏడుస్తుంటే, మగోనివి గాదా అని మిల్ట్రీకి తోలిండు."

జనం విగ్రహాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. నలభై ఏళ్లుగా మెలితిప్పుతున్న మీసానికి నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.