వంట లారీలో చోటు

ఆఖరి చక్రం బిగించి, లారీని బల్లమీద ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపి చూసి, "హమ్మయ్య" అనుకుంది ఆమె.

జానెడైనా లేని లారీ. యుద్ధంలో జవాన్లకు వండిపెట్టిన లారీకి ముప్పై అయిదో వంతు నమూనా. రెండు పొయ్యిలు, నీళ్ల డ్రమ్ము, గరిటెలు తగిలించే కొక్కేలు, పైన టార్పాలిన్. అన్నీ ఆమె చేతిపనే. పళ్ల డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తోంది. పన్ను వెంట్రుకవాసి పొడుగైనా నోట్లో కుదిరి చావదు. అందుకే కొలతల దగ్గర ఆమె ఎవరి మాటా వినదు. పట్టు పట్టిందంటే అచ్చం నాన్నే అని వాళ్లమ్మ నవ్వేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

"ఎందుకు తల్లీ నీకీ పిచ్చి?" అన్నాడు నాన్న, పదోసారి.

"వీధిలో నిలబెట్టి నిన్ను హంతకుడంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?"

నలభై ఏళ్ల కిందటి సంగతి. ఆ లారీకి వంటవాడూ డ్రైవరూ నాన్నే. సైన్యం వెనక్కి తగ్గిన రోజున బస్తాలూ డేగిసాలూ కిందికి తోసేసి, గాయపడ్డ పదకొండు మందిని ఎక్కించుకుని వంతెన దాటించాడు. పన్నెండో వాడు ఆయన చేతికింద పనిచేసే వంటవాడు. తొడ విరిగి రోడ్డు పక్కన పడున్నాడు. చోటు లేదు, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాడు నాన్న. ఈలోగా వంతెన కూలింది. ఆ మనిషి ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

ఇన్నేళ్లకు ఆ దళం చరిత్ర పుస్తకంగా అచ్చయింది. అందులో పదకొండు మంది అని చదివి, ఆ పోయినవాడి తమ్ముడు ఇంటిమీదికి వచ్చాడు. "అంత లారీలో పదకొండు మందేనా? చోటుండి కూడా మా అన్నని చంపేశారు!" అని గుమ్మంలో నిలబడి కేకలేశాడు. ఇరుగూ పొరుగూ పనులు మానుకుని మరీ విన్నారు. "చోటు లేదు బాబూ" అన్న ఒక్క ముక్క తప్ప నాన్న నోరు విప్పలేదు. అప్పట్నుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు. మనిషి సగమైపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "చోటు లేదని నేను చూపిస్తాను, రండి" అంది పోయినవాడి తమ్ముడితో.

"ముందే సర్దిపెట్టి చూపిస్తే నమ్మను. నా కళ్లెదుటే ఎక్కించాలి" అన్నాడతను.

"అలాగే ఎక్కిస్తాను. అదెంత భాగ్యం!"

నెల రోజులు కొలతల కోసం నాన్న ప్రాణం తీసింది. పొయ్యి ఎత్తెంత, డ్రమ్ము లావెంత, తలుపు ఎటు తెరుచుకుంటుంది. ఆయన కళ్లు మూసుకుని అన్నీ చెప్పేవాడు. పొయ్యికీ డ్రమ్ముకీ మధ్య ఏముండేదంటే మాత్రం మంచినీళ్లకని లేచి వెళ్లిపోయేవాడు. పెద్దవాడైపోయాడు, పాపం ఎన్నని గుర్తుంటాయి అనుకుంది.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. పళ్ల అచ్చులు తీసే పిండితోనే ఆమె పన్నెండు మంది మనుషుల్ని పోతపోసింది. ఒక్కొక్కడూ రెండంగుళాలు. పట్టకారుతో ఎత్తి, ఒక్కొక్కణ్ణే పడుకోబెట్టింది. ముందు సీట్లో ఒకడు. పొయ్యిలకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. పొయ్యికీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఉంది.

తమ్ముడు పన్నెండో బొమ్మని తీసి అక్కడ పడుకోబెట్టాడు. కొలిచి చేసినట్టు కుదిరింది.

కొలత కాస్త అటూ ఇటూ అయ్యుంటుందండీ అనబోయింది. కానీ తన కొలత తనకు తెలుసు.

"చూశావా అమ్మా, నీ చేత్తో నువ్వే చూపించావు" అంటూ ఆ బొమ్మ మీద చెయ్యి వేసి తమ్ముడు బావురుమన్నాడు.

నాన్న లేచి అతని చేతులు పట్టుకున్నాడు. "తప్పు నాదే బాబూ. నలుగురిలో చెప్పమన్నా చెబుతాను."

అతను చేతులు విదిలించుకుని వెళ్లిపోయాడు.

ఆమె తలుపు వేసి వచ్చింది. సిగ్గుతో, కోపంతో ఒళ్లంతా దహించుకుపోతోంది. "ఆ వంటవాడూ నువ్వూ ఒకే కంచంలో తిన్నామన్నావు. అన్నదమ్ముల్లా ఉండేవాళ్లమన్నావు. చోటు పెట్టుకుని ఎలా వదిలేశావు నాన్నా?"

ఆయన ఖాళీ కుర్చీని గోడవారకి జరిపాడు.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నీతో కాపురం చేసిందా!"

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ముఖ్యంగా నీకు."

"అమ్మ పోయింది, ఒట్టూ పోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మలో నిన్ను నాన్నా అని పిలవను. ఆ ఖాళీ సంగతేమిటి?"

ఆయన పన్నెండో బొమ్మని మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"అది ఖాళీ కాదు తల్లీ... దారిలో ఎక్కించుకున్న మీ అమ్మ, అంతకుముందు నేనెన్నడూ మొహమైనా చూసి ఎరగని మీ అమ్మ, అక్కడ పడుకుని నిన్ను కంటోంది."