అడ్డంగా రుద్దేవాడు

"అడ్డంగా రుద్దకురా! అది గుంజనుకున్నావా, ముల్లంగి అనుకున్నావా?"

మేడగది గుమ్మంలోంచి సత్వల్ది ఉస్తా కేకేశాడు. కింద, మెట్ల దగ్గర ఉప్పుకాగితం పట్టుకుని కూర్చున్న ఇల్హోమ్ తలెత్తి చూశాడు.

"మరెలా రుద్దాలి ఉస్తా?"

"చార వెంట! చెక్కకి చారలు కనిపించట్లా?"

"కనిపిస్తున్నాయి. ఎటు పోతున్నాయో తెలియట్లేదు."

వాకిట్లో పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న హాలిదా నవ్వు ఆపుకుంది. ఉస్తా భార్య ఆవిడ. ఇల్హోమ్‌ని ఎక్కడో వెతికి పట్టుకొచ్చింది కూడా ఆవిడే.

ఆ కోకంద్ ఊళ్ళో చేయి తిరిగిన పనివాణ్ణి ఎవరినైనా ఉస్తా అనే పిలుస్తారు. సత్వల్దిని మాత్రం కాస్త గొంతు తగ్గించి పిలుస్తారు. యాభై ఏళ్ళు చెక్క మీద పూలూ తీగలూ చెక్కిన మనిషి. మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని మేడగదిలోనే ఉంటున్నాడు. ఆసుపత్రి వాళ్ళు ఇద్దరు వస్తే, ఉలి పట్టిన చేత్తో రబ్బరు బంతి పిసకమంటారా అని వాకిట్లోంచే తరిమేశాడు. ఆ చెయ్యి ఇలాగే ఉండిపోతే మనిషి కూడా ఇలాగే ఉండిపోతాడని హాలిదా బెంగ.

మేడ మీదికి పోయే మెట్లకి ఉస్తా తండ్రి చేసిన కటాంజనం ఉంది. ఇరవైరెండు గుంజలు, పైన చెయ్యి ఆనించుకోవడానికి పట్టె. రంగు మీద రంగు పూసీ పూసీ చెక్కిన పూలన్నీ పూడిపోయాయి. దాన్ని బాగుచేయిస్తానని హాలిదా పట్టుబట్టింది.

వచ్చిన రోజే ఉస్తా ఇల్హోమ్‌ని పైకి పిలిచి, "అరచేతులు చూపించు," అన్నాడు.

చూపించాడు.

"పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. వీటితో ఏం పని చేశావు?"

"తొడుగులు వేసుకుని చేస్తాను ఉస్తా."

"తొడుగులేసుకుని ఉలి పడతావా? శుభం. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?"

"ఇవాళ్టి నుంచి."

ఉస్తా చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. ఎందుకో తరమలేదు. "సరే, ఏడువు," అన్నాడు.

మూడోరోజుకి కేకలు చాలక ఉస్తా నాలుగు మెట్లు దిగి కూర్చున్నాడు. ఎడమచేత్తో కాగితం లాక్కుని గుంజ మీద రుద్ది చూపించాడు.

"ఎడమచేత్తో చూపిస్తే నాకు తిరగబడి కనిపిస్తుంది ఉస్తా. కుడిచేత్తో చూపించండి."

"కుడిచెయ్యి పనిచేసే మాటైతే నీ మొహం చూడాల్సిన ఖర్మ నాకెందుకురా?"

"నేను కింద నుంచి పట్టుకుంటా. అది ఊరికే దారి చూపిస్తే చాలు."

అతను ఉస్తా మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ కలిసి గుంజ మీద పైకీ కిందికీ నడిచాయి.

"అర్థమైందా?"

"ఇంకో పదిసార్లు చూపిస్తే అవుతుంది."

"బుర్రలో ఏముందిరా నీకు? రంపప్పొట్టా?"

తిడుతూనే పదిసార్లు చూపించాడు. మర్నాడు ఇల్హోమ్ అంతా మర్చిపోయి వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. దుమ్ము తుడవకుండా అవిసె నూనె పూశాడు. పూల సందుల్లో రంగు గీకమని సన్నని ఉలి ఇస్తే, దాన్ని చెంచా పట్టినట్టు పట్టాడు. పట్టుకోవడం నేర్పడానికి ఉస్తా తన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ఉలి చుట్టూ మడిచాడు. వేళ్ళు వణికాయి గానీ ఉలి జారలేదు. తొమ్మిదో గుంజని ఇల్హోమ్ తలకిందులుగా బిగించిన రోజున ఉస్తా చలికాలం తర్వాత మొదటిసారి వాకిట్లోకి దిగాడు, తిట్టడానికి.

హాలిదాకి భయం పట్టుకుంది. ఈయన విసిగిపోయి పొమ్మంటే?

"ఏమండీ, ఇతన్ని మార్చేద్దామా?" అంది, మనసు తెలుసుకుందామని.

"వద్దు. ఇలాంటివాణ్ణి ఇంకొకళ్ళకి అంటగట్టడం పాపం."

ఇల్హోమ్ వచ్చిననాడు నేరేడుకాయలంత అయినా లేని ఆప్రికాట్లు పండి రాలే వేళకి ఇరవైరెండు గుంజలూ తేనెరంగు తేలాయి. పూడిపోయిన పూలన్నీ బయటపడ్డాయి. గుంజల్లో ఇల్హోమ్ చేసినవి రెండే, మిగతావన్నీ అతనికి చూపిస్తూ చూపిస్తూ ఉస్తా చేసినవే. ఆ రెండూ ఎవరు చూసినా గుర్తుపడతారు.

"పక్కింటివాళ్ళని పిలువు," అన్నాడు ఉస్తా. "వీడికి నడికట్టు కట్టాలి."

హాలిదా తెల్లబోయింది. పని పూర్తిగా వచ్చేసిన శిష్యుడికే గురువు నడుముకి గుడ్డ కట్టి దీవిస్తాడు. ముడి గురువు తన చేతుల్తోనే వెయ్యాలి. ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ దీవెన చెల్లదు.

"వీడికా! ఒక్క గుంజ కూడా తిన్నగా రాలేదు కదండీ!"

"నాకు కళ్ళు పోలేదు."

పక్కింటి ముసలాళ్ళు ఇద్దరు వచ్చి టీ గిన్నెలతో కూర్చున్నారు. ఉస్తా ఎర్రగుడ్డని ఇల్హోమ్ నడుము చుట్టూ తిప్పాడు. ఎడమచేతి కొస సిద్ధంగానే ఉంది. కుడిచేతి కొస రెండుసార్లు జారిపోయింది. సాయం చేద్దామని హాలిదా ముందుకొస్తే కళ్ళతోనే ఆపాడు. మూడోసారి బొటనవేలు గుడ్డని నొక్కిపట్టింది. చూపుడువేలు వంగింది. కొస సందులోంచి దూరి ఇవతలికి వచ్చింది. ఉస్తా రెండు చేతులా లాగాడు. ముడి బిగిసింది.

హాలిదా భోరుమంది. నలుగురూ ఉన్నారని కూడా చూసుకోలేదు. ముసలాళ్ళు ఆమీన్ అంటూ చేతులతో మొహం తడుముకున్నారు. ఇల్హోమ్ మాత్రం నడికట్టుని చూడటం లేదు. తడిసిన కళ్ళతో ఆ వేళ్ళనే చూస్తున్నాడు.

ఉస్తా అతన్ని ముడి పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో మెల్లగా అన్నాడు.

"మీ అంత పనికిమాలిన శిష్యుణ్ణి నా జన్మలో చూడలేదు, డాక్టరుగారూ."