ఖాళీ డబ్బా

ఇంకో వారానికి సరిపడా మార్ఫిన్ నొప్పి మాత్రలు మిగిలి ఉండాల్సిన మేస్త్రి డబ్బా ఖాళీగా ఉంది.

ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ దాన్ని తలకిందులు చేసి చూసింది.

"అన్నీ మీరే మింగి ఉంటే ఇలా నా ఎదురుగా కూర్చోలేరు. ఎవరికమ్మారు?"

"అమ్మలేదు తల్లీ."

"మరేమయ్యాయి?"

"అదొక్కటీ అడక్కండి."

మేస్త్రికి వెన్నులో కాన్సరు. గోడ పట్టుకుని వచ్చాడు. "ఒకప్పుడు గోడల్ని నేను నిలబెట్టా, ఇప్పుడవి నన్ను నిలబెడుతున్నాయి" అని వస్తూనే నవ్వించాడు కూడా.

మార్ఫిన్ పక్కదారి పడుతోందని తెలిసీ రాస్తే డాక్టరు లైసెన్సుకే ఎసరు. చట్టం అంత గట్టిది.

గుమ్మంలో పెద్ద డాక్టరు కనిపించాడు. ఆమె ఆశగా చూసింది.

"ఏం చెయ్యమంటారు సార్?"

"చట్టం ఎలా చెబితే అలా" అనేసి వెళ్లిపోయాడు.

"పోనీండమ్మా" అన్నాడు మేస్త్రి. "మీకు మాట రాకూడదు. రాయకండి."

ఆమె మామూలు నొప్పి మాత్రలు రాసిచ్చింది.

తర్వాతి వారం అతని కూతురొచ్చింది.

"నాన్న పోయాడండీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"తన అరుపులకి పిల్లలు జడుసుకుంటారని నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఎవరికిచ్చావు నాన్నా అని కాళ్లు పట్టుకున్నా చెప్పలేదు. అమ్ముకు తాగాడంటున్నారు వీధిలో. మా నాన్న అలాంటివాడు కాదండీ!"

ఆమెను సాగనంపి, డాక్టరమ్మ నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది.

"మేస్త్రి పోయాడు సార్. నేను తప్పు చేశానా?"

ఆయన లేవబోయాడు. బల్ల అంచు పట్టుకున్నా నడుము లేవలేదు. అలాగే కూలబడ్డాడు.

"నువ్వు కాదమ్మా" అన్నాడు. "నాకూ ఎముకల్లో అదే జబ్బు. నా మార్ఫిన్ నేను రాసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకొకరిచేత రాయించుకుంటే ఈ కుర్చీలో ఉండనివ్వరు. ఎవరికీ చెప్పలేదు. నా నడక చూసి మేస్త్రి ఒక్కడే పట్టేశాడు. 'మీరు కూలబడితే మా అందరి నొప్పీ ఎవరు చూస్తారయ్యా' అంటూ తన మాత్రలు నా జేబులో వేసేవాడు. నేను మింగేవాణ్ణి. ఆరోజు గుమ్మంలో నేను నోరు విప్పి ఉంటే, ఆయన నొప్పి తెలియకుండా నిద్రలో పోయేవాడు."